నారింజరంగు కోటు వేసుకున్న చుట్టం

రాయ్‌పూర్‌లో కుక్కని వెంటబెట్టుకుని ఆసుపత్రి మంచాల మధ్య తిరిగి రోగులకు ఊరట కలిగించిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేనే. ఈ వాక్యం రాసి కాగితం బల్లమీద పెట్టి మంచినీళ్ళకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని చదువుతోంది.

"మొట్టమొదటివారని మీకెవరు చెప్పారండీ?" అంది.

ఎవరూ చెప్పలేదు. రెండోవాడు కనబడలేదు కాబట్టి మొదటివాణ్ణి నేనే అయివుంటానని అనుకున్నాను. దీంట్లో తప్పేముందో నాకు తెలియదు.

ఇక కుక్క సంగతి. వాడు మేలుజాతి లాబ్రడార్. తండ్రి సైన్యంలో పనిచేసి పతకం తెచ్చుకున్నాడు. ఇది వార్డులో అడిగినవాళ్ళకల్లా నేను చెప్పిన మాట. వాడు దొరికింది టాటీబంధ్ కూడలిలో, ఆగి ఉన్న లారీ కింద. నెల పిల్ల. డ్రైవరు హారన్ మోగించినా కదలకుండా పడుకున్నాడు. చెవులు కొంచెం వాలి ఉంటాయి. ఆ వాలిన చెవుల మీదే లాబ్రడార్ వంశం మొత్తం నేను నిలబెట్టాను. వాడి పేరు మాత్రం రాయను. ఇందులో మనుషుల పేర్లు రాయకూడదని అనుకున్నాక కుక్కకి మినహాయింపు ఇస్తే మనుషులు ఊరుకోరు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇనుము ఫ్యాక్టరీలో లోడింగు దగ్గర అరవడం నా పని. రిటైరయ్యాక అరవడానికి లారీలు లేవు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని పోపు ఎప్పుడు దించాలో చెబుతూ ఉండేవాణ్ణి. అలాంటి రోజుల్లో, శంకర్ నగర్‌లో మేం నడకకి వెళ్ళే పార్కులో ఒక అమ్మాయి మా వాణ్ణి చూసింది. నలుగురైదుగురు స్నేహితులతో కలిసి పెంపుడు కుక్కల్ని ఆసుపత్రులకి తీసుకెళ్ళి రోగులతో కాసేపు గడపనిస్తుందట. మా వాడి నెమ్మదితనం ఆమెకి నచ్చింది. వారానికి రెండు పూటలు ఈ కుక్కని ఇస్తారా అని హిందీలో మా ఆవిణ్ణి అడిగింది.

మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దోనోఁ కో లే జావో, బేటీ," అంది. ఇద్దర్నీ తీసుకుపొమ్మని.

నా సమాజసేవకి పునాది అదీ.

ముందు వాడికి పరీక్ష పెట్టారు. కొత్తవాళ్ళు వచ్చి తోక పట్టుకున్నారు, చక్రాల కుర్చీ పక్కనుంచి దొర్లించారు, వెనకనుంచి స్టీలు పళ్ళెం ధనాల్మని నేలకేసి కొట్టారు. లారీ హారన్ల మధ్య పుట్టినవాడికి పళ్ళెం ఒక లెక్కా! ఆవలించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నాకు పెట్టారు. రోగి పక్కన కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడకుండా పది నిమిషాలు ఉండాలి. నేను తప్పాను. రెండోసారి గొంతు పట్టేసి ఉండటంతో నెగ్గాను.

సేవకి వెళ్ళే కుక్కకి గుర్తుగా నారింజరంగు కోటు ఉండాలన్నారు. బట్ట కోసం పండరీ బట్టల బజారుకి వెళ్ళాను. అక్కడి దుకాణాల్లో మూర బట్ట అడిగితే మనిషిని పైనుంచి కిందికి చూస్తారు. గుట్టలు గుట్టలుగా అమ్మేవాళ్ళు వాళ్ళు. చివరికి ఒకాయన కుక్క కోసమని విని నవ్వి, ఓ బట్టచుట్ట మొత్తం నా చేతుల్లో పెట్టాడు. మా ఆవిడ కుక్కకి కోటు కుట్టింది, దిండు గలీబులు కుట్టింది, కూరగాయల సంచి కుట్టింది, అయినా మిగిలితే నాకు చేతుల్లేని కోటు ఒకటి కుట్టింది. మొదటిరోజు మేమిద్దరం అవి వేసుకుని ఆడవాళ్ళ ఎముకల వార్డులో అడుగుపెట్టగానే గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న ఆయా మమ్మల్ని చూసి చీపురుకర్ర ఆపేసింది.

"దేఖో దేఖో, దోనోఁ భాయీ ఆ గే!" అంది. అన్నదమ్ములిద్దరూ వచ్చారని.

వార్డంతా నవ్వింది. కాళ్ళకి కట్లు వేసుకుని ఉన్నవాళ్ళు కూడా మంచాలు కదిలేలా నవ్వారు. నా హాస్యచతురతతో తొలిరోజే వార్డుని గెలిచానని ఇంటికొచ్చి చెప్పుకున్నాను. నేను అప్పటికి నోరే తెరవలేదు.

ఆ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒకావిడ ఉండేది. భీమవరం వైపునుంచి నర్సు ఉద్యోగం మీద ఈ ప్రాంతానికి వచ్చి, రైల్వే ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. తలగడ పక్కన బైబిలు, దాని పక్కన స్టీలు డబ్బా. మా వాణ్ణి నేను తెలుగులో "కూర్చోరా" అనడం విని తల తిప్పింది.

"కుక్కకి తెలుగొచ్చా అండీ?" అంది.

"తెలుగు, హిందీ, కొంచెం ఛత్తీస్‌గఢీ," అన్నాను.

"మీకు?"

అప్పటినుంచి ఆవిడ నాకు అక్కగారు, నేను ఆవిడకి తమ్ముడుగారు.

ఆవిడకి స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇక లేచి నడవడమే తరువాయి. నడిపించడానికి ఫిజియోథెరపీ కుర్రాడు రోజూ వాకరు తోసుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. "మాజీ, బస్ ఏక్ కదమ్," అని బతిమాలేవాడు. అమ్మా, ఒక్క అడుగు అని. ఆవిడ అంతే ప్రేమగా "కల్ కరేంగే, బేటా," అనేది. ఆ రేపు ఎప్పుడూ రేపే. మంచం అంచుకి జరిగి కాళ్ళు కిందికి వేలాడేయడానికి కూడా ఒప్పుకునేది కాదు. చక్రాల కుర్చీ అడిగితే డాక్టరు ఇవ్వనివ్వలేదు. అది అలవాటైతే కాళ్ళు ఇక నేలని ముట్టవని ఆయన భయం.

ఒకరోజు ఆ డాక్టరు ఆవిడ కూతుర్ని నడవాలోకి పిలిచి మాట్లాడటం నా చెవిన పడింది. చెవిన పడటమేమిటి, కుక్క బెల్టు సవరిస్తున్నట్టు వంగి మొత్తం విన్నాను. "నా పని నేను చేశాను. ఆమె బదులు నేను నడవలేను కదా. ఈ వారం పది రోజుల్లో లేవకపోతే ఇక మంచమే. వీపు పుళ్ళు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు," అన్నాడు.

ఆ కూతురు బళ్ళో టీచరు. తండ్రి పోయాడు. ఇంట్లో ఈ ఇద్దరే. డాక్టరు వెళ్ళాక నా వైపు తిరిగి, "ఇన్నేళ్ళూ ఎంతమందిని కాళ్ళమీద నిలబెట్టిందో అంకుల్ మా అమ్మ. నేను చెప్తే వినదు, డాక్టర్ చెప్తే వినదు. నేను బడికెళ్తే ఇంట్లో అమ్మని చూసేదెవరు?" అని ముక్కు చీదుకుంది.

ఆ రోజు అక్కగారి దగ్గర కూర్చుని, అడక్కపోయినా నోరు తెరిచి, నడవచ్చు కదా అన్నాను. ఆవిడ కుక్క తల నిమురుతూ ఉండిపోయింది.

"పిల్ల బడినుంచి వచ్చేదాకా కిందే పడున్నానండీ ఆ రోజు," అంది చివరికి. "స్నానాలగది నేల ఎంత చల్లగా ఉంటుందో కాళ్ళమీద నిలబడేవాళ్ళకి తెలీదు తమ్ముడుగారూ."

నేను పది నిమిషాలూ ఆవిడ పక్కనే కూర్చున్నాను. నోరు మెదపకూడదన్న ఆ పరీక్షలో నేను నిజంగా నెగ్గింది ఆ ఒక్కసారే.

ఇక ఘోరం గురించి చెప్పాలి. మా బృందానికి ఒక కఠినమైన నియమం ఉంది: వార్డులో కుక్కకి ఎవరూ ఏమీ తినిపించకూడదు, తోడు వచ్చినవాళ్ళు రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు. మన తెలుగువాళ్ళకి ఇంటికొచ్చిన మనిషిని ఉత్తినోటితో పంపడమంటే ప్రాణం పోయినట్టుంటుంది. కనీసం కాఫీ. అదీ లేకపోతే ఓ చెంచా పంచదార. అక్కగారికి మనిషికీ కుక్కకీ ఆ విషయంలో తేడా కనబడలేదు. రెండోసారి వెళ్ళినప్పుడే స్టీలు డబ్బా తెరిచింది. కూతురు ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీల్లో ఒకటి దాచి ఉంచింది.

"రూలు ఒప్పుకోదక్కగారూ. ఇది ఇల్లు కాదు, ఆసుపత్రి," అన్నాను గంభీరంగా.

"నా మంచం, నా దుప్పటి, నా డబ్బా. ఇంటికి ఇంకేం కావాలండీ? నా గుమ్మంలోకొచ్చి నోరు ఎండబెట్టుకుని పోతాడా వాడు?"

నేను ససేమిరా అన్నాను. నియమం నియమమే అన్నాను. కుక్క మెడబెల్టు గట్టిగా పట్టుకున్నాను. ఇలా అని మా బృందం అమ్మాయికి తర్వాత చెప్పాను. నిజానికి ఆవిడ ఇడ్లీని రెండు చేసి సగం వాడికి పెట్టింది, సగం నాకు పెట్టింది. అల్లం పచ్చడి నాకు ఒక్కడికే. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అంతే. పక్క మంచం మీది ముసలమ్మ, ఇక్కడి పల్లెటూరి మనిషి, మమ్మల్ని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది, తలుపు వైపు కాపలా కూడా కాసేది.

వేసవి ముదిరింది. కూతురు కొత్తావకాయ తెచ్చింది. ఆ రోజు నేను వెళ్ళేసరికి అక్కగారు అన్నం కలిపి ఉంచింది, ముద్దలు ఎర్రగా నూనెలో మెరుస్తున్నాయి.

"కుక్కకి ఆవకాయా! కారం కదండీ!" అన్నాను.

"నెయ్యి వేశాన్లెండి."

ఇది విన్న తెలుగువాడెవడైనా నాలాగే తలాడిస్తాడు. నెయ్యి వేశాక ఇంకేం ఉంది! వాడికో ముద్ద, నాకో రెండు. వాడు తిని, కాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గిన్నెడు నీళ్ళు తాగాడు. ఇంకో గిన్నెడు తాగాడు. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు చిన్న డాక్టర్ల పరివారంతో రౌండుకి వచ్చాడు. ఆసుపత్రి పునాదులు కదిలాయని చాలామందికి చెప్పాను. పునాదులు కదల్లేదు. పెద్ద డాక్టరు ఎడమ బూటు ఒక్కటే పాడైంది. కుడిది బాగానే ఉంది.

ఆయా బకెట్టు తెచ్చి, "కా ఖవా దేయ్, కకా?" అంది. ఏం తినిపించావయ్యా అని. నేను ఏమీ లేదన్నాను. మా బృందం అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి చూసింది. వేళ్ళు అయిదూ ఎర్రగా ఉన్నాయి.

"అంకుల్, ఆప్ భీ?" అంది. మీరు కూడా తిన్నారా అని.

కుక్కని నిషేధించారు. నన్ను నిషేధించలేదు కానీ, కుక్క లేకుండా నన్ను వార్డులో ఎవరూ కోరలేదు. ఆ అమ్మాయి ఎవరెవరి దగ్గరికో వెళ్ళి బతిమాలింది. చివరికి వార్డు గాజుతలుపు బయటి వరండా వరకు రానిచ్చారు. నడవగలిగినవాళ్ళు బయటికి వచ్చి వాడితో ఆడుకోవచ్చు. అక్కగారి మంచం గదికి ఆ చివర, కిటికీ దగ్గర. అక్కడినుంచి తలుపు కనిపిస్తుంది, తలుపవతల తోక మాత్రం కనిపిస్తుంది.

వరండాలో మొదటిరోజు కూతురు డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. బృందం అమ్మాయి నా పక్కనే పోలీసులా నిలబడి ఉంది. నేను చేతులు జోడించి వద్దన్నాను. కూతురు లోపలికెళ్ళి మళ్ళీ వచ్చింది.

"అంకుల్, ఆ రోజు తర్వాత వాడు బాగానే తింటున్నాడా అని అమ్మ అడుగుతోంది. తనవల్లే వాడికి ఒంట్లో బాలేకపోయిందని అప్పటినుంచి ఒకటే బాధ."

బాగానే తింటున్నాడమ్మా అని చెబితే సరిపోయేది. అది నిజం కూడా. కానీ నిజాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పడం నాకు ఏనాడూ అలవాటు లేదు.

"ఏం తింటాడమ్మా! ఆ రోజునుంచి ముద్ద ముట్టడం లేదు. మా ఆవిడ పెరుగన్నం పెట్టినా మొహం తిప్పుకుంటున్నాడు. మీ అమ్మ చేత్తో పెడితే తప్ప తినేలా లేడు," అన్నాను.

ఇది నేను ఎంతో ఆలోచించి, మనస్తత్వశాస్త్రం అంతా లెక్కగట్టి పన్నిన పథకమని తర్వాత ఫిజియోథెరపీ కుర్రాడికి చెప్పాను. అతను నమ్మాడు. మీరు నమ్మకండి. నోటికొచ్చింది అన్నాను, అంతే. ఇంటికొచ్చేసరికి మరిచిపోయాను కూడా.

తర్వాతి వంతు రోజు పొద్దున మా వాడు గిన్నె నిండా పెరుగన్నం తిన్నాడు. పైన మా ఆవిడ నాకని చేసిన ఉప్మాలో మిగిలినదీ వాడికే పోయింది. మేం వరండాలో అడుగుపెట్టామో లేదో ఫిజియోథెరపీ కుర్రాడు గాజుతలుపు తోసుకుని వచ్చాడు.

"అంకుల్, ఆప్‌నే మాజీ కో క్యా బోల్ దియా?" ఏం చెప్పారు ఆవిడకి అని. పొద్దున్నే లేచి, కుక్క వచ్చే రోజు ఇవాళే కదా అని నర్సుల్ని అడిగిందట. ఎవరూ బతిమాలకుండానే మంచం అంచుకి జరిగి కాళ్ళు కిందికి దించిందట. వాకరు తెమ్మందట.

గాజులోంచి చూశాను. అక్కగారు నిలబడి ఉంది.

వాకరు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. కుర్రాడు లోపలికి పరుగెత్తి ఒక పక్కన చేరాడు. కూతురు వెనకాల, చేతిలో డబ్బా. ఆవిడ నేలవైపు చూసింది. చాలాసేపు అలాగే చూసింది. నేను ఊపిరి తీసుకోవడం మరిచిపోయానని రాద్దామనుకున్నాను, కానీ తీసుకున్నాను, గట్టిగానే తీసుకున్నాను. అప్పుడే తుడవబోతున్న నేలని తుడవకుండా ఆయా చీపురుకర్రని వీపు వెనక దాచుకుని గోడకి ఆనుకుంది. మొదటి అడుగు పడింది. పక్క మంచం ముసలమ్మ "చల్ దాయీ, చల్!" అని కేకేసింది. నడు తల్లీ నడు అని. మిగతా మంచాలు అందుకున్నాయి.

ఆవిడ మధ్యలో ఒకచోట ఆగిపోయింది. మొహం పాలిపోయింది. కూతురు, "చాలమ్మా, వెనక్కి వెళ్దాం," అంది.

"ఉండవే. వాడు పస్తున్నాడే అక్కడ," అంది ఆవిడ.

అప్పుడు నాకు పొద్దుటి పెరుగన్నం గుర్తొచ్చింది. వంగి వాడి పొట్ట తడిమాను. తబలాలా ఉంది. "ఒరేయ్, ఆకలేస్తోందిరా నీకు, వినబడిందా," అని వాడి చెవిలో చెప్పాను. వాడు ఆవలించాడు.

గాజుతలుపు తెరుచుకుంది. అక్కగారు వరండాలో కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకుంది. డబ్బా తెరిచింది. నేతిలో తడిపిన ఇడ్లీ, కారం ఏమీ లేదు. బృందం అమ్మాయి నోరు తెరిచి, ఆవిణ్ణి చూసి, వాకరుని చూసి, మళ్ళీ నోరు మూసుకుంది. ఏదో పిట్టని చూడాలని గుర్తొచ్చినట్టు తోటవైపు తిరిగిపోయింది.

అక్కగారు ముక్క తుంచి చెయ్యి చాపింది. వాడు వాసన చూశాడు. మర్యాదగా నెయ్యి వరకు నాకాడు. ఇడ్లీ ముక్కని జాగ్రత్తగా ఆవిడ చెప్పు పక్కన నేలమీద పెట్టాడు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ గాల్లోకి చాచి, నారింజరంగు కోటు పక్కకి తప్పుకుని, గుండ్రటి పొట్టని లోకానికంతటికీ చూపించాడు.

అక్కగారు డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"తమ్ముడుగారూ," అంది ఆవిడ. "ఇది పస్తున్నవాడి పొట్టేనా?"

"ఉబ్బరం అక్కగారూ."

"బెంగతో వచ్చిన ఉబ్బరమా?"

"ఆఁ... అలాంటిదే."

"పొద్దున ఏం తిన్నాడు?"

"పెరుగన్నం," అన్నాను. ఆవిడ ఇంకా నన్నే చూస్తోంది. "ఉప్మా," అన్నాను.

"అబద్ధం చెప్పి నన్ను ఇంత దూరం లాక్కొచ్చారన్నమాట."

ఇంత దూరం అంటూ ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. గాజుతలుపు, దాని వెనక మంచాల వరస, ఆ చివర కిటికీ పక్కన తన మంచం, ఖాళీగా, దుప్పటి ఓ పక్కకి జారి. అలా చూస్తూనే ఉండిపోయింది. కూతురు కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందనుకున్నాను. ఆయా ఎక్కడినుంచో చక్రాల కుర్చీ తోసుకొచ్చింది, ఈ పూటకి చాల్లే అన్నట్టు. కుర్రాడు కూడా సరే అన్నాడు.

అక్కగారు ఆ కుర్చీని చూసి, "హటావో," అంది, తీసెయ్యమని. వాకరు దగ్గరికి లాక్కుంది. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది, మూడోసారి లేచింది.

"శనివారం వాణ్ణి నిజంగా ఆకలితో తీసుకురండి," అంది నాతో. "కడుపునిండినవాడి కోసం ప్రతిసారీ ఇంత దూరం నడవలేను నేను."

నేలమీది ముక్కని కుక్క తినలేదు. డబ్బాలో మిగిలిన ఇడ్లీ నేను తిన్నాను. బృందం అమ్మాయి ఇంకా పిట్టనే చూస్తోంది.

శనివారం పొద్దున మాటకి కట్టుబడి వాడి గిన్నె ఖాళీగా ఉంచాను. ఇంటినుంచి కదిలేదాకా గట్టిగా నిలబడ్డాను. దారిలో బండి దగ్గర అటుకుల పోహా పెట్టించుకుంటుంటే వాడు నా మోకాలికి గడ్డం ఆనించి పైకి చూశాడు. మనం ఇనుము ఫ్యాక్టరీలో పనిచేశాం కానీ ఇనుము కాదు. ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్కగారు గాజుతలుపుకి ఇవతలే, వాకరు పట్టుకుని నిలబడి ఉంది. ఆలస్యమైందేం అంది. ట్రాఫిక్ అన్నాను. ఈసారి వాడు నా పరువు కాపాడాడు, ఇడ్లీ మొత్తం తిన్నాడు. చూశారా ఎంత ఆకలో అన్నాను. ఆవిడ తృప్తిగా తలూపింది.

పోహా సంగతి ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. తిట్టడానికి ఆవిడ మా ఇంటికి రావాలి, మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. వస్తుందనే అనుకుంటున్నాను. ఉత్తినోటితో మాత్రం పంపం.